తిరుగు ప్రయాణం - ప్రాయశ్చిత్తం

విదేశవిద్యను గురించి మన జీవితచరిత్రల్లో కనబడేదంతా దాదాపు వెళ్ళిన దారి చరిత్ర. ఎవరు ఏ సంవత్సరంలో ఓడ ఎక్కారు, ఏ కళాశాలలో చేరారు, ఏ పట్టం పుచ్చుకున్నారు అన్న వివరాలు కొల్లలుగా దొరుకుతాయి. తిరిగివచ్చిన దారిని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: “స్వదేశానికి వచ్చి ఫలానా వుద్యోగంలో చేరారు.” ఆ ఒక్క వాక్యం కింద పూడిపోయిన సంగతులను కొన్నింటినైనా పైకి తీయాలన్నదే ఈ వ్యాసం వుద్దేశం.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం పుంగనూరు బస్టాండులో, ఒకప్పుడు నా దగ్గర తెలుగు పాఠం విన్న కుర్రవాడు కనిపించాడు. ఫిలిప్పీన్సులో వైద్యం చదివి, ఆ వేకువనే బెంగుళూరులో విమానం దిగి, చింతామణి మీదుగా మదనపల్లెకూ, అక్కడినుంచి పుంగనూరుకూ వచ్చాడు. వాళ్ళ వూరు అక్కడికి పది కిలోమీటర్లు. రెండు పెద్ద పెట్టెలు పక్కన పెట్టుకొని మధ్యాహ్నం నుంచీ అదే బెంచీమీద కూర్చునివున్నాడు. ఈలోగా వూరి బస్సులు రెండు వెళ్ళిపోయాయట. ఎందుకు ఎక్కలేదని అడిగాను.

“పొద్దు గూకినాక పోతా సార్. మా నాయనకు అప్పిచ్చినాయన అంగడి ముందరే బస్సు నిలుస్తాది. ‘ఏమిరా, డాక్టరయి వచ్చినావా’ అంటాడు. ఇంగా పరీక్ష వుండాదని ఆయనకెట్ల చెప్పేది?” అన్నాడు.

ఆరేళ్ళు సముద్రాలకు అవతల బతికినవాడికి ఆఖరి పది కిలోమీటర్లు దాటడం కష్టమయింది. దీన్ని కేవలం ఒక పిరికివాడి మనోవ్యథగా తీసిపారేయవచ్చు. “చదువుకున్నవాళ్ళకు ఇలాంటి బెంగలు మామూలే” అని నవ్వి వూరుకోవచ్చు కూడా. కాని నా వుద్దేశంలో తిరిగివచ్చేవాడి ఆందోళన వాడి గుండెలో తనంతట తాను పుట్టేది కాదు. ఇంటి గడపవద్ద సమాజం అతన్ని ఒక లెక్క అడుగుతుంది. ఆందోళన ఆ లెక్కలోంచి పుడుతుంది. దానికి మన పూర్వులు పెట్టిన పేరు ప్రాయశ్చిత్తం. కాలాన్ని బట్టి దాన్ని వసూలు చేసే చేతులు మారుతూ వచ్చాయి. వసూలు మాత్రం ఆగలేదు.

శాస్త్రం సంగతి ముందుగా చూద్దాం. సముద్రయానం మనిషిని పతితుణ్ణి చేసే కర్మల్లో ఒకటని బౌధాయన ధర్మసూత్రాలు చెప్పాయి. మూడేళ్ళపాటు సాగే ప్రాయశ్చిత్తాన్ని కూడా విధించాయి. మనుస్మృతి మూడో అధ్యాయంలో, శ్రాద్ధానికి పిలవరానివాళ్ళ జాబితాలో, ఇల్లు తగలబెట్టినవాడి సరసన, విషం పెట్టినవాడి సరసన సముద్రం దాటినవాడు కూడా నిలబడ్డాడు. అయితే అదే బౌధాయనుడు సముద్రయానం ఉత్తరాదివారి ఆచారాల్లో ఒకటని కూడా వ్రాశాడు. అంటే నిషేధం వ్రాసిననాటికే ఓడలు తిరుగుతూనే వున్నాయన్నమాట.

మన తెలుగుదేశంలో కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును రాజులు లాగేసుకునే పద్ధతిని మాన్పి, నిర్ణయించిన సుంకం మాత్రమే పుచ్చుకుంటానని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం వచ్చే చోట సముద్రం మైలపడలేదు. ఏ సముద్రం పవిత్రమో, ఏది అపవిత్రమో నిర్ణయించింది నీళ్ళు కావు, లాభనష్టాలు.

ఇంగ్లీషు చదువులకోసం మధ్యతరగతి పిల్లలు ఓడలెక్కడం మొదలుపెట్టినప్పుడు ఈ పాతసూత్రాలకు కొత్త ప్రాణం వచ్చింది. గాంధీజీ 1888లో లండనుకు బయలుదేరితే ఆయన కులపెద్దలు వెలి వేశారు. 1891లో ఆయన తిరిగివచ్చాక, అన్నగారు ఆయనను నాసిక్ తీసుకువెళ్ళి పుణ్యస్నానం చేయించారు. రాజకోట చేరాక కులానికి విందు చేశారు. ఇదంతా తనకు నచ్చలేదని గాంధీజీయే ఆత్మకథలో చెప్పుకున్నారు. నచ్చకపోయినా జరిగింది. స్నానం, విందు, దక్షిణ - ఈ మూడింటినీ కలిపి చూస్తే తేలేది శుద్ధి కాదు, ఖర్చు. ప్రాయశ్చిత్తపు తంతులో ప్రధానద్రవ్యం పంచగవ్యం. పొట్టి ఆవులకు పేరుపడిన పుంగనూరు సీమలో ఆ ద్రవ్యాలకు కొరత వుండవలసిన పనిలేదు. కొరతల్లా ఆ తంతు జరిపించుకొని కులాన్ని సంతృప్తి పరచగల డబ్బుకే.

ఈ మాట తేలికగా అనడం లేదు. అదే కాలంలో అదే సముద్రాన్ని దాటిన మరొక జనం వున్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ దర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు సుమారు లక్షా యాభైరెండు వేలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలు చెరకుతోటలకు పోయారు. వాళ్ళను పెద్దయెత్తున పంపిన జిల్లాల్లో ఉత్తరార్కాటు ఒకటి. ఆనాడు పుంగనూరు జమీందారీ, కుప్పం వున్న కంగుంది జమీందారీ ఆ జిల్లాలోవే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు ఉత్తరార్కాటు నుంచి ఇవీ, అటు కడప జిల్లా నుంచి మదనపల్లె తాలూకా వచ్చి ఒకే జిల్లాలో కలిశాయి. వానలు తక్కువ, శిస్తులు ఎక్కువ అయిన ఈ మెట్టసీమల్లో కూలివాడు ఓడ ఎక్కుతానంటే శాస్త్రం అడ్డం వచ్చిందని నేనెక్కడా చదవలేదు. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపలేదు.

తిరిగిరావడమే కష్టమయింది. నేటాలు ప్రభుత్వం 1895లో చట్టం చేసి, ఒప్పందం ముగిసినా మళ్ళీ ఒప్పందంలో చేరక, స్వదేశానికీ పోక అక్కడే వుండేవాళ్ళమీద ఏడాదికి 3 పౌన్ల పన్ను వేసింది. అంటే ఇంటికి పొమ్మని మెడబట్టి గెంటింది. 1927లో కేప్‌టౌన్ ఒడంబడిక కుదిరింది. దాని కింద స్వదేశానికి పోయే ఒక్కొక్క పెద్దవాడికి 20 పౌన్లు చేతిలో పెట్టి ఓడ ఎక్కించారు. అలా వచ్చినవాళ్ళ గతిని భవానీదయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది విచారించి 1931లో నివేదిక ప్రకటించారు. తెచ్చుకున్న డబ్బు కరిగిపోయి, అక్కడ కులం దాటి చేసుకున్న పెళ్ళిళ్ళు ఇక్కడ వూళ్ళోవాళ్ళకు గిట్టక, మద్రాసు, కలకత్తా నగరాల అంచుల్లో ఇరుక్కుపోయినవాళ్ళ దైన్యం ఆ నివేదికలో వుంది. డబ్బున్నవాడికి ప్రాయశ్చిత్తమన్నా వుంది. లేనివాడికి అదీ లేదు. వాడికి తలుపే మూసివేశారు.

ఇక మదనపల్లెకు వద్దాం. విదేశవిద్య ముగించి తిరిగివచ్చినవాళ్ళ చరిత్రలో అందరికంటె విచిత్రమైన అధ్యాయం ఈ వూళ్ళో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది. ఆయన 1895లో ఇక్కడ పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూశాఖలో చిన్న వుద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. పదవీవిరమణ చేశాక 1909లో పిల్లలతో మద్రాసులో ఆ సమాజపు కేంద్రమైన అడయారుకు చేరాడు. ఆ ఏడాదే ఆ సమాజ నాయకులు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా గుర్తించారు. 1910లో కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందను అనిబిసెంటుగారి సంరక్షణకు అప్పగిస్తూ తండ్రి సంతకం చేశాడు. 1912లో పిల్లలిద్దరూ చదువుకోసమని ఇంగ్లండు వెళ్ళారు.

అదే ఏడాది తండ్రి తన పిల్లలను తనకిప్పించమని మద్రాసు కోర్టుకెక్కాడు. 1913లో హైకోర్టు పిల్లలను తండ్రికి తిరిగి అప్పగించాలని తీర్పు చెప్పింది. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసింది. ఆ పిల్లల ఇష్టం ఏమిటో ఎవరూ విచారించలేదన్నది ఆ కౌన్సిలు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. ఒక తెలుగు కుటుంబంలోని ఇద్దరు పిల్లల తిరుగు ప్రయాణాన్ని ఒక న్యాయస్థానం ఆజ్ఞాపించింది, మరొక న్యాయస్థానం రద్దు చేసింది. ఇల్లు అనేది ఎంతటి వ్యాజ్యమో ఇంతకంటె తేటగా చెప్పే వుదాహరణ నాకు కనిపించలేదు.

ఇంగ్లండులో నిత్యానంద న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. కృష్ణమూర్తికి ఆక్స్‌ఫర్డులో చోటు దొరకలేదు. లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షల్లో మళ్ళీమళ్ళీ తప్పారు. ఖర్చుకు మాత్రం కొదవ లేదు. డాడ్జి అనే అమెరికన్ ధనికురాలు ఆయనకు ఏడాదికి 500 పౌన్ల చొప్పున జీవితాంతం భృతి ఏర్పాటు చేసింది. దాదాపు పదేళ్ళ తర్వాత, 1921 డిసెంబరులో, అన్నదమ్ములిద్దరూ బొంబాయిలో దిగారు. పరీక్ష తప్పిన విద్యార్థిగా కాదు, జగద్గురువుగా దిగవలసివచ్చింది. స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్ళు వేయి కళ్ళతో చూస్తున్నది ఆయనను కాదు, తాము పెంచుకున్న ఆశను. మాతృభాష అప్పటికి ఆయన నోట నిలవలేదు. పెద్దయ్యాక ఆయన తెలుగు మాట్లాడలేకపోయారు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు కోర్టు తీర్పులకంటె పెద్దదిగా తోస్తుంది. ఎవరితోనైతే తిరిగివచ్చానని చెప్పుకోవాలో వాళ్ళతో చెప్పుకునే భాషే పోయింది.

మద్రాసులో అన్నదమ్ములు తండ్రిని చూడబోయారు. ఆ కలయికను గురించి జీవితచరిత్రల్లో రెండు కథనాలున్నాయి. పిల్లలు సాష్టాంగపడి తన పాదాలకు నుదురు ఆనించగానే ముసలాయన మాట రాక కన్నీళ్ళు పెట్టుకున్నాడని ఒకటి. కులం చెడినవాళ్ళు తాకారని వెంటనే లేచి కాళ్ళు కడుక్కున్నాడని మరొకటి. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నేననుకోను. పిల్లలకోసం ప్రీవీ కౌన్సిలు దాకా పోరాడిన తండ్రి ఏడవడం సహజం. శ్రాద్ధభయంతో బతికిన బ్రాహ్మణ గృహస్థు కాళ్ళు కడుక్కోవడమూ ఆ వ్యవస్థలో అంత సహజమే. కన్నీరు మనిషిది, కాళ్ళు కడిగిన నీరు కులానిది. తిరిగివచ్చినవాడు ఆ రెండు నీళ్ళ మధ్య నిలబడతాడు.

ఈ కథకు మరొక ముగింపు కూడా వుంది. నిత్యానందకు క్షయ సోకింది. 1925 నవంబరు 13న కాలిఫోర్నియాలోని ఓహైలో అతను మరణించాడు. ఆ సమయానికి కృష్ణమూర్తి అడయారులో సమాజ స్వర్ణోత్సవాలకని ఓడలో ఇండియాకు వస్తున్నారు. ఓడ సూయజ్ కాలువను చేరే వేళకు తంతివార్త అందింది. ఇద్దరూ కలిసి వెళ్ళారు, ఒకరే తిరిగివస్తున్నారు. 1915 నుంచీ మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో దక్షిణదేశమంతటా పేరున్న క్షయవైద్యశాల నడుస్తూనే వుంది. పుట్టిన సీమలో వైద్యం వుండగా, మనిషి సముద్రాల అవతల రాలిపోయాడు. నాలుగేళ్ళ తర్వాత, 1929లో, కృష్ణమూర్తి తన పేర నడుస్తున్న సంఘాన్ని రద్దుచేసి జగద్గురు పదవిని కాదన్నారు. ఆయన తత్త్వంతో మనకు ఎన్ని పేచీలున్నా, ఇతరులు తనపై మోపిన లెక్కను చెల్లించనని ప్రకటించిన ధైర్యాన్ని గుర్తించక తప్పదు. అయితే ఏడాదికి 500 పౌన్ల భృతి వున్నవాడు కాదనడం వేరు, అప్పున్న రైతుబిడ్డ కాదనడం వేరు.

అందరి తిరుగు ప్రయాణమూ ఇంత బరువుగా లేదు. ఎందుకు లేదో చూడడం అవసరం. మన జిల్లాలోనే చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1902లో ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడి యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. తిరిగివచ్చేసరికి బరోడా, మైసూరు సంస్థానాల కళాశాలల్లో వుద్యోగాలు సిద్ధంగా వున్నాయి. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించి తెలుగు విమర్శకు కొత్త తోవ చూపారు. ఆయనది అసాధారణమైన మేధ అనడంలో సందేహం లేదు. కాని వేతనమిచ్చి పంపినవాళ్ళు, వుద్యోగమిచ్చి పిలిచినవాళ్ళు వుండబట్టి ఆ మేధ ఇంటికి క్షేమంగా చేరింది.

వి.వి. గిరిగారిది మరొక దారి. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిను వెళ్ళారు. 1916 ఈస్టరు తిరుగుబాటు తర్వాత, ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంమీద దేశం విడిచిపొమ్మని ప్రభుత్వం ఆయనకు తాఖీదు ఇచ్చింది. ఆ విధంగా ఆయన తిరుగు ప్రయాణం బహిష్కరణ. ఇంటికి వచ్చాక మాత్రం ఆయన ఒంటరివాడు కాలేదు. రైల్వే కార్మికుల్లో పనిచేశారు, సంఘాలు కట్టారు. ఐర్లండు నుంచి ఒక తెలుగువాణ్ణి వెళ్ళగొట్టిన ఆ సంవత్సరాల్లోనే, ఐర్లండు నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు మదనపల్లెలో స్థిరపడ్డారు. అనిబిసెంటుగారు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో కజిన్స్ ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు వాళ్ళ అతిథిగా వచ్చి, ‘జనగణమన’ను ఇక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. చేయడానికి పని వున్నవాడికి పరాయివూరు కూడా ఇల్లవుతుంది. పనిలేనివాడికి సొంతవూరు కూడా పరాయిదే.

ఇప్పుడు మళ్ళీ పుంగనూరు బస్టాండుకు రావచ్చు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. చదువు అనేది ఒక్క కులం సొత్తు కాకుండా పోయింది. సముద్రయానానికి పంచగవ్యం పుచ్చుకునేవాడు నేడు ఈ సీమలో కనిపించడు. ఇవన్నీ ప్రజలు పోరాడి గెలుచుకున్న విజయాలే. అయితే చదువుకోసం ప్రభుత్వం వేతనమిచ్చి పంపే రోజులు కొద్దిమందికే పరిమితమయ్యాయి. ఆ చోటులోకి అప్పు వచ్చింది. బ్యాంకుల సంఘం ఏర్పరచిన నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ఆస్తి తాకట్టు పెట్టాలి. మన రైతుకు ఆస్తి అంటే ఆ నాలుగు ఎకరాల మెట్ట, దాని పాసుపుస్తకం. బ్యాంకు ఇచ్చింది చాలకపోతే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అంగడాయన ఇస్తాడు. టమోటా ధర పడిపోయిన ఏడాది అసలు అటుంచి, వడ్డీ కూడా పెరుగుతుంది. పూర్వం ప్రాయశ్చిత్తం తిరిగివచ్చాక మొదలయ్యేది. ఇప్పుడు బయలుదేరకముందే సంతకం పెట్టిస్తున్నారు.

విదేశంలో వైద్యం చదివివచ్చినవాడికి 2002 నుంచి ఇక్కడ అర్హత పరీక్ష వుంది. ఇటీవలి చాలా విడతల్లో హాజరైనవాళ్ళలో మూడోవంతుమంది కూడా నెగ్గలేదు. 2021 నాటి నిబంధనల ప్రకారం అక్కడ 54 నెలల చదువు, 12 నెలల శిక్షణ, ఆపైన ఇక్కడ మరో 12 నెలల శిక్షణ కావాలి. రోగుల ప్రాణాలు కాపాడవలసినవాడికి పరీక్ష వద్దని ఎవరూ అనరు. నేనూ అనను. ప్రశ్న వేరే వుంది. ఆ పరీక్షకు చదివే ఏడాది, రెండేళ్ళు ఇల్లు ఎలా గడవాలి? వడ్డీ ఎవరు కట్టాలి? నెగ్గనివాడు ఏ ముఖంతో బస్సు దిగాలి?

విపత్తుల్లో ఇది మరీ బయటపడింది. 2020 మార్చి 17న ఫిలిప్పీన్సు, మలేషియాల నుంచి ప్రయాణికులను ఆపినప్పుడు, ఇంటికి బయలుదేరిన ఎందరో విద్యార్థులు కౌలాలంపూరు విమానాశ్రయంలో చిక్కుబడ్డారు. వాళ్ళలో తెలుగుపిల్లలు చాలామంది. తర్వాత విమానాలు ఏర్పాటు చేసి ఢిల్లీకీ విశాఖపట్నానికీ చేర్చారు. అంటువ్యాధి సమయంలో పద్నాలుగు రోజులు విడిగా వుండమనడం వైద్యం. కాని “బయటదేశం నుంచి వచ్చినాడు, ఆ యింటి వాకిట్లోకి పోవద్దు” అని వాడు కోలుకున్న తర్వాత కూడా వీధి అనుకోవడం వైద్యం కాదు. అది పాత మైల. బౌధాయనుణ్ణి చదవనివాళ్ళ నోట కూడా బౌధాయనుడే మాట్లాడాడు. రెండేళ్ళ తర్వాత, 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయ్యాక, ఉక్రెయిన్ నుంచి సుమారు 22,500 మంది భారతీయులను వెనక్కి తెచ్చారు. చలిలో సరిహద్దులదాకా నడిచిన పిల్లలు ఇల్లు చేరారు, చదువు సగంలో ఆగింది. అప్పు ఆగలేదు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త వీసా దరఖాస్తులమీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, అమ్మానాన్నలను చూడటానికి వచ్చినవాళ్ళు పెట్టెలు విప్పకుండానే విమానాలకు పరుగెత్తారు. అది ఇప్పటికే వీసా వున్నవాళ్ళకు వర్తించదన్న వివరణ తర్వాత వచ్చింది. ఇంటికి రావడమే ఒక జూదమయింది.

“కూలివాడి బాధముందు ఈ చదువుకున్నవాళ్ళ బాధ ఎంత?” అని మన మిత్రులు కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కుప్పం స్టేషనులో వేకువజామున నిలబడితే దానికి జవాబు దొరుకుతుంది. 1864లో బెంగుళూరు చేరిన రైలుమార్గంమీద వున్న ఈ వూరినుంచి రోజూ ఎందరో పనికోసం బెంగుళూరు బండి ఎక్కి రాత్రికి తిరిగివస్తారు. అదే బండిలో, అదే పెట్టెలో, విమానం ఎక్కబోయే కుర్రవాడూ వుంటాడు. చాలాసార్లు వాడు ఆ కూలివాడి కొడుకే. తండ్రి రోజువారీ ప్రయాణమూ, కొడుకు ఆరేళ్ళ ప్రయాణమూ ఒకే కారణంనుంచి పుట్టాయి: బతుకు ఇక్కడ లేదు. ఈ రెంటినీ విడదీసి ఒకటి వర్గసమస్య, మరొకటి మనస్తత్వ సమస్య అనడం పొరపాటు.

మరి ఇక్కడ చదువు లేదా? కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మదనపల్లె కళాశాలకు నూరేళ్ళు దాటాయి. వైద్యం చదవాలనుకున్న పేదరైతు బిడ్డకు మాత్రం ప్రభుత్వ సీటు అందదు, ప్రైవేటు సీటుకు డబ్బు చాలదు, విదేశం చవక. మదనపల్లెలో ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగింది. ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించిన కళాశాలల్లో అదీ వుంది. ఆ నిర్ణయానికీ పుంగనూరు బస్టాండులోని బెంచీకీ సంబంధం లేదనుకునేవాళ్ళు చరిత్రను చదవలేదనే చెప్పాలి. ఆ కళాశాలను ప్రభుత్వమే నడపాలని, అర్హత పరీక్షకు చదివే కాలంలో రుణాలకు వడ్డీ ఆపాలని, ఆ పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే శిక్షణ ఇవ్వాలని అడగడం ఉపాధ్యాయ, విద్యార్థి సంఘాల బాధ్యత. వెళ్ళేవాళ్ళకు సన్మానసభలు చేస్తున్నాం. తిరిగివచ్చినవాడి గుమ్మంలోకి, పాసయ్యావా అని అడక్కుండా, వెళ్ళి కూర్చోవడం కూడా మన పనే.

ఆ సాయంత్రం నేను ఆ కుర్రవాడితో చీకటిపడేదాకా కూర్చున్నాను. తర్వాత ఇద్దరం చెరొక పెట్టె పట్టుకొని చివరి బస్సు ఎక్కాం. అంగడి మూసేవుంది. వాకిట్లో వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడివుంది. ఒక్క క్షణం నాకు నారాయణయ్య గుర్తుకువచ్చాడు. కాని ఆమె ఆ నీళ్ళు తన కాళ్ళమీద పోసుకోలేదు. కొడుకు చేతికిచ్చి, “ముందు మొగం కడుక్కో నాయనా, కూడు సల్లారిపోతా వుంది” అన్నది. ఎవరి ప్రాయశ్చిత్తమూ అడగని ఆ నీళ్ళను మన సమాజం ఆ తల్లి దగ్గరనుంచి ఇంకా నేర్చుకోవలసివుంది.